దుబాసీ పక్కకు జరిగిన కథ

మా అవ్వకు తమిళం కొంచెం అర్థమవుతుంది గానీ మాట్లాడడం రాదు. తాలూకాఫీసులో ఏదైనా పని పడితే నన్ను వెంట తీసుకుపోతుంది. అవ్వ ఒక మాట తెలుగులో చెబుతుంది. నేను దాన్ని తమిళంలో చెబుతాను. అక్కడి సారు ఏదో అడుగుతారు. దాన్ని మళ్ళీ తెలుగు చేసి అవ్వకు చెప్పాలి. అయిదు నిమిషాల పని అరగంట పడుతుంది. ఇందులో అవ్వ తప్పూ లేదు, ఆ సారు తప్పూ లేదు. మధ్యలో దుబాసీ ఉన్నాడు కాబట్టి ఆలస్యం. ఆ దుబాసీని నేనే.

చరిత్ర వ్యాసం రాయమంటే అవ్వ కథ ఎందుకు చెప్తున్నాడు అనుకోవద్దు. నేను రాయబోయే చరిత్ర మొత్తం దుబాసీ గురించే. అయితే ఈ దుబాసీ మనిషి కాదు, కంప్యూటర్ లోపల పనిచేసే ఒక ప్రోగ్రాము.

మా పెద్దనాయన కూతురు పాలిటెక్నిక్ చదువుతా ఉంది. పోయిన సంవత్సరం ప్రాజెక్టుకు ఆమె ఒక ఫోన్ యాప్ మొదలుపెట్టింది. పెద్దనాయన రోజా తోట చేస్తారు. ఏ రోజు ఎన్ని కట్టలు పోయాయి, ఏ రేటుకు పోయాయి అనే లెక్క తెలుగులో రాసుకునే యాప్ అది. కానీ ఇంట్లో ఉండే మంచి ఫోను ఒక్కటే. అది పెద్దనాయనతో పాటు తెల్లవారుజామునే మార్కెట్‌కు పోతుంది. అందుకని అక్క పాత ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టుకుంది. కొత్త రకం ఎమ్యులేటర్ తెరవబోతే "హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ కావాలి" అని చెప్పి ఆగిపోయింది. స్నేహితురాలు చెబితే పాత ఆండ్రాయిడ్, ఆర్మ్ రకం ఎంచుకుంది. అది తెరుచుకుంది గానీ, తెరుచుకునే లోపల అక్క అన్నం తిని వచ్చేది. ఒక బటన్ నొక్కితే కాసేపటికి గానీ తెర కదిలేది కాదు. "ఈ ల్యాప్‌టాప్ పనికిరాదు, ప్రాజెక్టు మార్చుకుంటాను" అని అక్క ఒకరోజు ఏడ్చింది కూడా.

చివరికి ఏమైందో ఆఖరున చెబుతాను. ముందు ఈ జబ్బు ఎక్కడ పుట్టింది, మందు ఎవరు కనుక్కున్నారు అనే చరిత్ర చూద్దాం.

ఎమ్యులేటర్ అంటే ఏమిటి?

ఒక యంత్రం ఇంకొక యంత్రంలా నటించడానికి వాడే ఏర్పాటును ఎమ్యులేటర్ అంటారు. ల్యాప్‌టాప్ తెర మీద ఒక ఫోను కనిపిస్తుంది. అది బొమ్మ ఫోను కాదు. నిజం ఫోనులో నడిచే ఆపరేటింగ్ సిస్టమే దాని లోపల నడుస్తుంది. యాప్ తయారుచేసేవాళ్ళు పది రకాల ఫోన్లు కొనకుండా, పది రకాల తెరల మీద తమ పని సరిచూసుకోవచ్చు.

అయితే ప్రతి ప్రాసెసర్‌కూ తన భాష ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌ల ప్రాసెసర్ భాష ఎక్స్86. దాని మూలం 1978లో ఇంటెల్ తెచ్చిన 8086 చిప్. ఫోన్ల ప్రాసెసర్ భాష ఆర్మ్. దాని మొదటి చిప్ 1985లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ పట్టణంలో ఏకార్న్ అనే కంపెనీలో పనిచేసింది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దాన్ని రూపొందించారు. కరెంటు తక్కువ తాగుతుంది కాబట్టి తర్వాత దాదాపు ఫోన్లన్నీ దాన్నే పట్టుకున్నాయి. ఇట్లా రెండు భాషలు వచ్చాయి. రెండు భాషలు వస్తే మధ్యలో దుబాసీ రాక తప్పదు.

1964: పాత లెక్కలు, కొత్త యంత్రం

ఈ సమస్య ఫోన్లతో పుట్టింది కాదు. 1959లో ఐబీఎం కంపెనీ 1401 అనే కంప్యూటర్ తెచ్చింది. వేల కంపెనీలు దాన్ని తీసుకుని జీతాల లెక్కలు, సరుకుల లెక్కలు దానికోసమే రాయించుకున్నాయి. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టమ్/360 అనే కొత్త కుటుంబాన్ని ప్రకటించింది. కానీ దాని భాష వేరు. పాత ప్రోగ్రాములు దాని మీద నడవవు. పాత ప్రోగ్రాములన్నీ మళ్ళీ రాయించుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? పైగా 1963 డిసెంబరులోనే హనీవెల్ అనే పోటీ కంపెనీ తన హెచ్200 యంత్రాన్ని ప్రకటించింది. 1401 ప్రోగ్రాములను దాని భాషలోకి మార్చే సాధనం పేరు "లిబరేటర్", అంటే విమోచకుడు. ఐబీఎం వినియోగదారులకు విముక్తి ఇస్తామని దాని అర్థం!

పాత యంత్రాన్ని ప్రోగ్రాముతోనే అనుకరిస్తే చాలా నెమ్మదిగా ఉంటుందని ఐబీఎం ఇంజనీర్లకు తెలుసు. అందుకని కొంత పనిని ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్‌కు అప్పగించారు. మైక్రోకోడ్ అంటే ప్రాసెసర్‌కు పుట్టుకతో నేర్పిన చదువు లాంటిది. అలా చేసేసరికి సిస్టమ్/360లోని చిన్న రకం, మోడల్ 30, పాత 1401 ప్రోగ్రాములను మంచి వేగంతో నడిపింది. ప్రోగ్రాము ఒక్కటే చేసే అనుకరణను సిమ్యులేషన్ అని, హార్డ్‌వేర్ సాయం ఉన్నదాన్ని ఎమ్యులేషన్ అని వాళ్ళు పేరు పెట్టుకున్నారు.

ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఎమ్యులేటర్ అనే మాట పుట్టినప్పుడే దాని అర్థంలో హార్డ్‌వేర్ సాయం ఉంది. తర్వాత తర్వాత మనం ఆ సగాన్ని మరిచిపోయి, నెమ్మదిగా నడిచేదాన్ని కూడా ఎమ్యులేటర్ అనే పిలుస్తున్నాం.

ఒక యంత్రంలో పద్నాలుగు యంత్రాలు

రెండో అడుగు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో పడింది. అక్కడి ఐబీఎం పరిశోధన కేంద్రంలో రాబర్ట్ క్రీసీ నాయకత్వంలో సీపీ-40 అనే వ్యవస్థను తయారుచేశారు. 1967 జనవరికి అది రోజువారీ పనిలోకి వచ్చింది. ఒక సిస్టమ్/360 యంత్రం 14 యంత్రాల్లాగా కనిపించేది. ఒక్కొక్కరికీ తమకే ఒక కంప్యూటర్ ఉన్నట్టు ఉండేది. దీన్ని వర్చువల్ మెషీన్ అన్నారు. ఈ దారిలోనే సీపీ-67, ఆ తర్వాత 1972లో వీఎం/370 వచ్చాయి.

ఇక్కడ దుబాసీ లేడని గమనించండి. బయటి యంత్రం భాషా, లోపలి యంత్రం భాషా ఒకటే. లోపలి ప్రోగ్రాము మాటలు నేరుగా ప్రాసెసర్‌కే పోతాయి. ప్రమాదకరమైన పని చేయబోతే మాత్రమే పైనున్న కావలివాడు ఆపి, ఆ పనిని తాను చూసుకుంటాడు.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు దీనికి సూత్రం రాశారు. దాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను. ఒక ఇంట్లో బాడుగకు ఉన్నవాడు తానే ఇంటి యజమాని అనుకుంటున్నాడని అనుకోండి. వంట చేసుకోవచ్చు, పడుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ గోడ పగలగొట్టబోతే యజమాని దగ్గర గంట మోగాలి. యజమాని వచ్చి ఏం చేయాలో చూసుకుంటాడు. గోడలకు సంబంధించిన ప్రతి పనికీ గంట మోగితే ఆ ఇల్లు వర్చువల్ మెషీన్‌కు తగిన ఇల్లు.

గంట మోగని ఇల్లు

మనం వాడే ఎక్స్86 ప్రాసెసర్ అలాంటి ఇల్లు కాదు. అందులో కొన్ని పనులకు గంట మోగదు. ఉదాహరణకు పాప్ఎఫ్ అనే సూచన. అనుమతి లేని ప్రోగ్రాము దానితో ఇంటరప్ట్‌లను ఆపబోతే ఆ పని జరగదు, గంటా మోగదు. ప్రాసెసర్ ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది. లోపలివాడు పని అయిపోయిందనుకుంటాడు, యజమానికి సంగతే తెలియదు. 2000లో జాన్ రాబిన్, సింథియా ఇర్విన్ లెక్కపెట్టి, ఇంటెల్ పెంటియంలో ఇలాంటి సూచనలు 17 ఉన్నాయని రాశారు.

అంతకు ముందే, 1998లో డయాన్ గ్రీన్, మెండెల్ రోజెన్‌బ్లమ్ మొదలైన అయిదుగురు వీఎంవేర్ కంపెనీ పెట్టారు. 1999లో వాళ్ళ మొదటి సరుకు వచ్చింది. గంట మోగని సూచనలు ఎక్కడ వస్తాయో ముందే చూసి, ఆ ముక్కలను మాత్రం వేరే మాటల్లోకి మార్చడం వాళ్ళ ఉపాయం. అంటే సగం దుబాసీ. చాలా తెలివైన పనే గానీ కష్టమైన పని.

చివరికి ప్రాసెసర్ కంపెనీలే దిగివచ్చాయి. 2005 నవంబరులో ఇంటెల్ రెండు పెంటియం 4 రకాల్లో వీటీ-ఎక్స్ అనే సదుపాయం ఇచ్చింది. 2006లో ఏఎండీ కూడా తన సదుపాయం తెచ్చింది. లోపలి యంత్రం కోసం ప్రాసెసర్‌లోనే వేరే గది కట్టినట్టు అనుకోండి. ఆ గదిలో అతిథి ఆపరేటింగ్ సిస్టమ్ స్వేచ్ఛగా తిరగవచ్చు. అవసరమైనప్పుడు బయటికి వచ్చే తలుపు ఉంది. తర్వాత మెమరీ చిరునామాల లెక్కను కూడా హార్డ్‌వేరే చూసుకునే ఏర్పాటు వచ్చింది. ఇంటెల్‌లో అది 2008లో నెహలెం రకంతో మొదలైంది. లినక్స్‌లో ఈ సదుపాయాన్ని వాడుకోవడానికి అవి కివిటీ రాసిన కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20తో పాటు వచ్చింది.

అంటే మందు 2005లోనే తయారు. కానీ రోగి ఇంకా పుట్టలేదు.

ఫోను లోపలి నత్త

2003లో ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు క్యూఎము అనే ఎమ్యులేటర్ విడుదల చేశాడు. ఒక ప్రాసెసర్ భాషను ఇంకొక ప్రాసెసర్ భాషలోకి ఇది నడుస్తూ నడుస్తూనే మారుస్తుంది. ఒకసారి మార్చిన ముక్కను దాచిపెట్టుకుంటుంది. మళ్ళీ అదే ముక్క వస్తే తిరిగి మార్చదు. నేను కూడా తాలూకాఫీసులో అట్లే చేస్తాను. "ఆధార్ నకలు తెచ్చారా?" అనే ప్రశ్నకు అవ్వను అడగకుండానే జవాబు చెప్పేస్తాను! అయినా దుబాసీ దుబాసీయే. ఒక ఆర్మ్ సూచనకు చాలాసార్లు రెండు మూడు ఎక్స్86 సూచనలు కావాలి. ప్రతి మెమరీ చిరునామాను కూడా వెతికి మార్చాలి.

2007 నవంబరులో గూగుల్ ఆండ్రాయిడ్ తయారీ సాధనాలను మొదటిసారి బయటపెట్టింది. అప్పటికి అమ్మకంలో ఒక్క ఆండ్రాయిడ్ ఫోను కూడా లేదు. మొదటిది 2008 అక్టోబరులో వచ్చింది. దాదాపు ఒక సంవత్సరం పాటు బయటి ప్రోగ్రామర్లకు ఎమ్యులేటరే ఆండ్రాయిడ్ ఫోను. అది క్యూఎము మీద కట్టింది, ఆర్మ్ ప్రాసెసర్‌లాగా నటించేది.

ఆపిల్ వేరే దారి పట్టింది. 2008లో ఐఫోన్ కోసం ఇచ్చిన దాని పేరే సిమ్యులేటర్. అది ఫోను ప్రాసెసర్‌లాగా నటించదు. యాప్‌నే మ్యాక్ కంప్యూటర్ భాషలోకి తయారుచేసి నడుపుతుంది. వేగం ఎక్కువ, కానీ నిజం ఫోనుకు పోలిక తక్కువ.

ఆండ్రాయిడ్ మొదటి ఫోను తెర 320×480. అంటే 1,53,600 చుక్కలు. 2011లో టాబ్లెట్ల కోసం ఆండ్రాయిడ్ 3.0 వచ్చింది. దాని తెర 1280×800, అంటే 10,24,000 చుక్కలు. ఆరున్నర రెట్ల కంటే ఎక్కువ. ఈ చుక్కలన్నింటికీ రంగు వేసే పని కూడా ఆ దుబాసీ నెత్తినే పడింది. ఎందుకంటే ఎమ్యులేటర్‌కు కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డును వాడుకోవడం అప్పటికి తెలియదు. నత్త వీపు మీద బండరాయి పెట్టినట్టయింది. చాలామంది ప్రోగ్రామర్లు విసిగిపోయి నిజం పరికరాలే కొనుక్కున్నారు. కొనగలిగినవాళ్ళు కొన్నారు. కొనలేనివాళ్ళ సంగతి చరిత్రలో ఎక్కువగా రాయరు. వాళ్ళలో మా అక్క లాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో.

2012: రెండు మందులు

2012లో గూగుల్ రెండు మార్పులు చేసింది. మొదటిది, అతిథి భాషనే మార్చేశారు. ఎక్స్86 భాషలో తయారైన ఆండ్రాయిడ్‌ను ఎమ్యులేటర్‌లో పెట్టారు. ఇప్పుడు బయటి భాషా లోపలి భాషా ఒకటే. లినక్స్‌లో కేవీఎం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఇంటెల్ ఇచ్చిన హ్యాక్సం అనే డ్రైవరు ద్వారా సూచనలు నేరుగా ప్రాసెసర్‌కు పోయాయి. 1967లో సీపీ-40 చేసిన పనే 45 ఏళ్ళ తర్వాత ఫోను కోసం మళ్ళీ చేశారు. రెండోది, లోపలి ఫోను తెర మీద బొమ్మ గీయమని ఇచ్చే ఆజ్ఞలను బయటి గ్రాఫిక్స్ కార్డుకు అందించారు. రాయి కూడా వీపు మీద నుంచి దిగింది.

ఇదే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్. ప్రాసెసర్ వేగం పెరగలేదు. మధ్యలోని దుబాసీ పక్కకు జరిగాడు, అంతే.

కానీ దీనికి ఒక ఖరీదు ఉంది. ఆండ్రాయిడ్ యాప్‌లు అప్పట్లో ఎక్కువగా జావాలో రాసేవారు కాబట్టి వాటికి ప్రాసెసర్ ఏదైనా ఒకటే. కొన్ని యాప్‌లలో, ముఖ్యంగా ఆటలలో, నేరుగా ఆర్మ్ భాషలో ఉండే భాగాలు ఉంటాయి. అవి ఈ కొత్త ఎమ్యులేటర్‌లో నడవలేదు. వేగం కావాలంటే ఇంటివాళ్ళ భాష నేర్చుకో, నేర్చుకోకపోతే గడప బయటే ఉండు అన్నట్టయింది. రాష్ట్రం భాష ఒకటి, ఇంటి భాష ఒకటి ఉన్న మన లాంటి పిల్లలకు ఈ మాట వేరే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత

2016లో ఆండ్రాయిడ్ స్టూడియో 2.0తో పాటు ఎమ్యులేటర్‌ను కొత్తగా తీర్చిదిద్దారు. 2017 డిసెంబరులో ఫోను స్థితిని భద్రపరిచి కొన్ని సెకన్లలో తెరిచే పద్ధతి వచ్చింది. 2018లో విండోస్‌లో ఏఎండీ ప్రాసెసర్లకూ, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వాడేవాళ్ళకూ దారి దొరికింది. 2020లో ఆండ్రాయిడ్ 11 ఎమ్యులేటర్‌లో ఒక మంచి ఏర్పాటు చేశారు. వ్యవస్థ అంతా నేరుగా ఎక్స్86లో నడుస్తుంది. యాప్‌లోని ఆర్మ్ భాగాన్ని మాత్రమే దుబాసీ మారుస్తాడు. అందరినీ ఒకే భాష మాట్లాడమనకుండా, అవసరమైన చోట మాత్రం దుబాసీని నిలబెట్టారు. నాకు ఈ చరిత్రలో ఎక్కువ నచ్చిన మలుపు ఇది.

అదే 2020 నవంబరులో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో ఎం1 చిప్ పెట్టింది. అది ఆర్మ్ భాష చిప్. దాని మీద ఆర్మ్ ఆండ్రాయిడ్ తన సొంత భాషలోనే నేరుగా నడవగలదు. ఎనిమిదేళ్ళ ముందు అతిథి భాష మార్చుకుంటే, ఇప్పుడు ఇల్లే అతిథి భాషకు వచ్చింది. 2023 మొదట్లో ఇంటెల్ హ్యాక్సం పనిని ఆపేసింది. దాని అవసరం తీరింది, వేరే డ్రైవర్లు ఆ చోటులోకి వచ్చాయి.

అక్క ల్యాప్‌టాప్ సంగతి

అక్క వాళ్ళ ల్యాబ్‌లో ఒక సారు ఆ ల్యాప్‌టాప్‌ను చూసి విండోస్ టాస్క్ మేనేజర్ తెరవమన్నారు. పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ కింద "వర్చువలైజేషన్: డిసేబుల్డ్" అని ఉంది. అంటే సదుపాయం ఉంది, ఆపి పెట్టి ఉంది. ల్యాప్‌టాప్ ఆపి, మళ్ళీ ఆన్ చేసేటప్పుడు బయాస్‌లోకి పోయి ఆ ఒక్క మాటను ఎనేబుల్డ్ అని మార్చారు. తర్వాత ఎక్స్86 రకం ఆండ్రాయిడ్ పెట్టి, డ్రైవరు వేసి తెరిచారు. నిమిషం లోపల ఫోను తెర వచ్చింది. అక్క నమ్మలేదంట. ఒకసారి మూసి మళ్ళీ తెరిచి చూసిందంట.

ప్రాజెక్టు గడువు లోపల అయిపోయింది. పెద్దనాయన ఇప్పటికీ కాగితం మీదే లెక్క రాస్తారు, అది వేరే సంగతి. అక్క మాత్రం ఆయన పడుకున్నాక ఆ కాగితం చూసి యాప్‌లోకి ఎక్కిస్తుంది.

ఈ కథలో నన్ను వదలని విషయం ఒకటుంది. ఆ ల్యాప్‌టాప్‌లో వేగం కొత్తగా కొని తెచ్చింది కాదు. తయారైన రోజు నుంచీ దాని లోపలే ఉంది. 1964 ఇంజనీర్ల ఆలోచన, 1974 సూత్రం, 2005 చిప్, అన్నీ ఆ పాత డబ్బాలో ఉన్నాయి. ఒక్క మీట మూసి ఉండడం వల్ల అక్క తన ల్యాప్‌టాప్ పనికిరాదనుకుంది. కొన్నాళ్ళకు తానే పనికిరాననుకుంది. మీట ఎక్కడ ఉందో చెప్పే మనిషి ఒక్కరు దొరికితే చాలు.

అందుకే ఈ వ్యాసం రాశాను. మన బడి ల్యాబ్‌లో కూడా సారు అనుమతితో టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. కొన్నిట్లో ఎనేబుల్డ్ అని ఉంది, కొన్నిట్లో డిసేబుల్డ్ అని ఉంది. మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే మీరూ చూడండి. బయాస్ మార్చేటప్పుడు మాత్రం తెలిసిన పెద్దవాళ్ళను పక్కన పెట్టుకోండి. ఇంకో మీట ఏదైనా తిప్పేస్తే నన్ను తిట్టవద్దు.

వచ్చే వారం అవ్వకు మళ్ళీ తాలూకాఫీసులో పని ఉంది. దుబాసీగా నేనే పోవాలి. ఈసారి పోయే ముందు, అక్కడ అడిగే నాలుగు ప్రశ్నలకు తమిళంలో జవాబులు అవ్వకు నేర్పిస్తా ఉన్నాను. రెండు వచ్చేశాయి.